మూడో లెక్కకి మంజూరు

ఇరవై ఎనిమిదేళ్ళు నిండకముందే నూకరత్నం రెండువందల పదకొండు సార్లు ఓడిపోయింది. అందులో ఒక్కసారి కూడా బలం చాలక ఓడిపోలేదు. ఓడిపోవడం ఆమె ఉద్యోగం.

ఆ ఉద్యోగాన్ని ఆమె వెతుక్కుంటూ పోలేదు. పద్దెనిమిదేళ్ళ వయసులో బెల్లం మార్కెట్టులో తల్లి సన్యాసమ్మతో కలిసి దిమ్మలు మోస్తూ ఉండగా, ఒక లారీ వెనక తలుపు ఊడి పక్కనున్న మీసాలాయన మీద పడబోయింది. నూకరత్నం చంకలో దిమ్మ దించకుండానే రెండో చేత్తో ఆ తలుపు పట్టుకుని ఆపింది. మీసాలాయన తన ప్రాణం దక్కినందుకు సంతోషించడం మానేసి, ఆమె చెయ్యి వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆయన పేరు టైగర్ బుల్లిబాబు. ఆయనకి ఉగ్రసింహ కుస్తీ కంపెనీ అని ఒకటి ఉంది. ఊళ్ళలో తీర్థాలు జరిగే చోట డేరా వేసి, నాలుగు గుంజలు పాతి, తాళ్ళు కట్టి ఆడపిల్లల చేత కుస్తీలు పట్టిస్తాడు.

కంపెనీలో చేరిన రోజే నూకరత్నానికి ఒక సంగతి అర్థమైంది. ఎవరు గెలవాలో బుల్లిబాబు పొద్దున ఇడ్లీ తింటూ ఒక చీటీ మీద రాసేస్తాడు. ఇది మోసం కాదా అని ఆమె బిడియపడుతూ అడిగితే ఆయన నొచ్చుకున్నాడు. ఫలితం ముందే తెలిస్తే మనుషులు ప్రశాంతంగా కొట్టుకుంటారనీ, తెలియకపోతే దెబ్బలు తగులుతాయనీ వివరించాడు.

మొదటి వారం ఆమెకి పడడం నేర్పారు. వీపు నేలకి తగిలే ముందు అరచేతులతో చాపని గట్టిగా కొట్టాలి. చప్పుడు పిడుగులా ఉంటుంది, వీపుకి ఏమీ కాదు. మిగతా పిల్లలు ఆర్నెల్లకి నేర్చుకున్న విద్య నూకరత్నానికి రెండు రోజుల్లో వచ్చేసింది. ఆమె పడితే డేరా గుంజలు అదిరేవి. ముందు వరుసలో ఆడవాళ్ళు అయ్యో తల్లీ అని లేచి నిలబడేవారు. ఒక ఊళ్ళో అయితే ఒకావిడ బరిలోకి మంచినీళ్ళ చెంబు పట్టుకొచ్చింది.

అదే ఆమె కొంప ముంచింది. గెలవడం ఎవరైనా చేస్తారు, చెయ్యెత్తి నిలబడడమే కదా, ఇలా పడడం ఎవరి వల్ల అవుతుందని బుల్లిబాబు తేల్చేశాడు. ఆరేళ్ళు ఆమెను ఊరూరా ఓడించాడు. తన నడుం ఎత్తు లేని పిల్లల చేతిలో, దగ్గుతో ఉన్న పిల్లల చేతిలో, ఒకసారి నాలుగో నెల గర్భిణి చేతిలో కూడా ఆమె చిత్తుగా ఓడింది.

అలాగే సాగిపోయేదేమో గాని, ఒక రోజు సన్యాసమ్మ ఒక పేపరు ముక్క పట్టుకొచ్చింది. పోలీసు శాఖలో ఆడవాళ్ళకి కానిస్టేబుల్ ఉద్యోగాలు పడ్డప్పుడల్లా ఆటల కోటా కింద కొన్ని ఉంటాయట. పదో తరగతి పాసై ఉండాలి. నూకరత్నం పాసైంది. ఎత్తు ఉండాలి. కావలసినంత ఉంది. గుర్తింపు ఉన్న పోటీలో కనీసం ఒక గెలుపు ఉండాలి. ఇరవై ఎనిమిదేళ్ళు దాటకూడదు.

"ఒక్కటంటే ఒక్కటి సాలట," అంది సన్యాసమ్మ. "ఇన్ని సార్లు పడ్డావు, ఒక్క తూరి నిలబడలేవేటే?"

నూకరత్నం బుల్లిబాబుని అడిగింది. ఒక్క గెలుపు, అదీ చిన్న ఊళ్ళో, జనం లేనప్పుడయినా పరవాలేదంది. ఆయన ఆమెను వెంట తీసుకెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి చూపించాడు. రాబోయే మూడేళ్ళకి వాల్‌పోస్టర్లు అచ్చయిపోయి ఉన్నాయి. అన్నిటిలోనూ నూకరత్నం వెల్లకిలా పడి ఉంది.

ఆమె కంపెనీ మానేసింది. వెళ్ళేటప్పుడు బుల్లిబాబు కళ్ళనీళ్ళు పెట్టుకుని ఒక యోగ్యతాపత్రం రాసిచ్చాడు. ఓటమి పట్ల ఈమెకున్న నిబద్ధత తన అనుభవంలో ఎక్కడా చూడలేదనీ, ఏ సంస్థ అయినా ఈమెను నిశ్చింతగా ఓడించుకోవచ్చుననీ అందులో ఉంది.

ఆ పత్రం పట్టుకుని ఆమె పట్నంలో మహోగ్ర లీగ్‌కి వెళ్ళింది. అది టీవీలో వచ్చే కుస్తీ. అక్కడ చీటీలు లేవు. చల్లటి గదిలో కథా విభాగం అని ఒకటుంది. అందులో ఎనిమిది మంది కూర్చుని ఎవరికి ఎవరి మీద పగ ఉండాలో నిర్ణయిస్తారు. గెలిపించేది మటుకు ప్రజలేనని వాళ్ళు గట్టిగా చెప్పారు. ప్రేక్షకులు సెల్‌ఫోన్ల నుంచి ఓట్లు వేస్తారు, ఎక్కువ ఓట్లు వచ్చిన వాళ్ళు గెలుస్తారు. నూకరత్నం ఊపిరి పీల్చుకుంది. ప్రజలంటే నమ్మకం ఉండే వయసు.

మొదటి వారం ఆమె పడిన తీరు చూసి ప్రజలు ఏడ్చారు. రెండో వారం ఆమె పడుతుందని టీవీల ముందు ముందే కూర్చున్నారు. మూడో వారం ఓట్లు లెక్కపెడితే, ఆమె ఎదుటి పిల్లకి పద్నాలుగు లక్షల ఓట్లు వచ్చాయి. ఆ ఓట్లన్నీ నూకరత్నం అభిమానులవే. ఆమె గెలిస్తే ఏడవడానికి ఉండదని వాళ్ళు భయపడ్డారు.

కథా విభాగం అధిపతి ఆమెను పిలిపించి అభినందించాడు. మీ ఓటమిలో సగటు మనిషి తన జీవితాన్ని చూసుకుంటున్నాడు, మీరు గెలిస్తే సగటు మనిషికి ఎవరు దిక్కు అని అడిగాడు. సగటు మనిషి సంగతి తనకి తెలీదనీ, తనకి ఒక్క గెలుపు కావాలనీ ఆమె అంది. ఆయన ఆ మాట రాసుకున్నాడు. మరుసటి వారం ఆ మాట ఆమె చేత టీవీలో చెప్పించి, ఆ తర్వాత ఓడించారు.

రెండేళ్ళకి లీగ్ మూతపడింది. అదే బరిలో, అవే దీపాల కింద, వంటల పోటీ మొదలుపెట్టారు. నూకరత్నాన్ని వదులుకోలేక అందులోకి రమ్మన్నారు. ఆమె చేత పప్పు మాడ్పిస్తే బాగుంటుందని కథా విభాగం అభిప్రాయపడింది.

ఇక మిగిలింది ప్రభుత్వం. అప్పటికే ప్రైవేటు వాళ్ళ చేతిలో కుస్తీ పాడైపోతోందని ప్రభుత్వం మల్ల వినోద ప్రాధికార సంస్థ అని ఒకటి పెట్టి ఉంది. గుర్తింపు ఉన్న సర్టిఫికెట్టు ఇచ్చేది ఇప్పుడు అదొక్కటే మిగిలింది. నూకరత్నం దరఖాస్తు పెట్టింది. బుల్లిబాబు పత్రమూ లీగ్ వాళ్ళ పత్రమూ చూసి, ఇంత అనుభవం ఉన్నవాళ్ళు దొరకరని ఆమెకు వెంటనే ఉద్యోగం ఇచ్చారు. హోదా, పరాజిత, గ్రేడ్ మూడు.

ఆ హోదా ఎలా పుట్టిందో చెప్పాలి. సంస్థ పెట్టిన కొత్తలో ఒక పెద్దమనిషి మరదలి కూతురు సరదాకి బరిలోకి దిగి ఒక్క నిమిషంలో ఓడిపోయింది. ఆ పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు. దాని మీద సమీక్షా సమావేశం జరిగింది. ఇలాంటి దుర్ఘటనలు పునరావృతం కాకుండా ఏడో నంబరు ఉత్తర్వు వెలువడింది. ముందస్తుగా లిఖితపూర్వక మంజూరు లేనిదే ఏ మల్లయోధురాలూ ఓడిపోరాదు.

మొదటి నెల ఎవరికీ మంజూరు రాలేదు. కుస్తీలు ఆఖరి బస్సు టైము దాకా సాగి, ఇద్దరూ లేచి బస్సెక్కి వెళ్ళిపోయేవారు. అప్పుడు సంస్థ ఓడిపోయే వాళ్ళ కోసం ప్రత్యేకంగా ఉద్యోగాలు సృష్టించింది. పరాజితలకి గ్రేడు మూడు నుంచి గ్రేడు ఒకటి దాకా ఉంటుంది. పైన మటుకు ఒకే ఒక్క ఉద్యోగం, శాశ్వత విజేత. ఆమె పేరు ప్రచండ భైరవి.

ప్రచండ భైరవికి ఎర్ర మఖమల్ ముసుగు ఉంటుంది. దానికి ఇత్తడి కోరలు, నుదుటి మీద మూడో కన్ను. లోపలి వైపు సంస్థ ఆస్తి, వస్తువు సంఖ్య పద్నాలుగు అని తెల్ల రంగుతో రాసి ఉంటుంది. ఆ ముసుగు లోపల పదకొండేళ్ళుగా పైడితల్లి అనే ఆవిడ ఉంది. ఆమెకి నలభై మూడేళ్ళు. రెండు మోకాళ్ళూ పోయాయి. విజేత గౌరవానికి భంగం కలగకుండా భైరవి నలుగురిలో కుంటరాదనీ, కుర్చీలో కూర్చోరాదనీ ఇంకో ఉత్తర్వు ఉంది. అందుచేత ఆమె నిలబడే టీ తాగేది, నిలబడే బస్సుల్లో తిరిగేది.

నూకరత్నం చేరిన నెలకే కార్యదర్శి కమలనాభరావు గారికి అర్జీ పెట్టుకుంది. తనకి ఒక గెలుపు మంజూరు చేయించమని. మూడు నెలలకి జవాబు వచ్చింది. సంస్థలో గెలుపు అనే పద్దు లేదు. ఎదుటివారు మంజూరైన ఓటమిని వినియోగించుకోగా మిగిలిన స్థితినే గెలుపుగా పరిగణించడం జరుగుతున్నది. కావున అర్జీదారు ఎదుటివారిని సంప్రదించవలెను.

ఆమె ఎదుటివారిని సంప్రదించింది. పైడితల్లి ఆ కాగితం చదివి చాలాసేపు నవ్వింది. తర్వాత తన సంచిలోంచి ఆరు కాగితాలు తీసి చూపించింది. ఆరేళ్ళుగా ఏడాదికొకసారి ఆమె ఓటమి కోసం పెట్టుకున్న అర్జీలవి. విజేత ఉద్యోగం మానాలంటే ఓడిపోవడమొక్కటే దారి. ఓడిపోవడానికి మంజూరు కావాలి. శాశ్వత విజేతకు ఓటమి వర్తించదని ఆరు సార్లూ ఒకే జవాబు.

"నాకు ఇంటికెళ్ళి కుర్సీలో కూకోవాలనుందే గుంటా," అంది పైడితల్లి. "అంతకంటే ఏటీ లేదు."

నూకరత్నానికి ఇరవై ఎనిమిది నిండడానికి నాలుగు రోజులుంది. ఆటల కోటా దరఖాస్తుకి ఆఖరి తేదీ ఆ లోపే, సంస్థ వార్షికోత్సవం రోజే పడింది, సాయంత్రం ఐదు గంటల్లోపు. నియామకాల ఆఫీసు కూడా ఆ ఊళ్ళోనే, ఉత్సవం జరిగే స్టేడియం నుంచి పావుగంట నడక. వార్షికోత్సవంలో భైరవితో కుస్తీ నూకరత్నానికే పడింది. ఆమె ఓటమికి మంజూరు వారం ముందే వచ్చేసింది.

ఈసారి తను పడిపోతానని పైడితల్లే అంది. కాగితం సంగతి తర్వాత చూసుకుందామంది. నూకరత్నం మొహం వెలగడం చూసి మళ్ళీ ఆగింది.

"ఊరికే పడిపోను. పదకొండేళ్ళు ఒక్క గుంటా నన్ను పడెయ్యాలని సూళ్ళేదు. నువ్వు పడెయ్యి, పడతాను."

వార్షికోత్సవం రోజు పదకొండు గంటలకి కుస్తీ మొదలైంది. కమలనాభరావు గారు ముందు వరుసలో దండ మెడలోంచి తీయకుండా కూర్చున్నారు. సన్యాసమ్మ కూతురి పదో తరగతి సర్టిఫికెట్టూ ఫోటోలూ ఉన్న ప్లాస్టిక్ సంచి ఒళ్ళో పెట్టుకుని మూడో వరుసలో కూర్చుంది. నూకరత్నం జీవితంలో మొదటిసారి పడకుండా ఉండడానికి ప్రయత్నించింది. అది ఆమెకు చాలా కొత్తగా, కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది. పైడితల్లి మోకాళ్ళు పోయినా చేతులు పోలేదు. రెండుసార్లు నూకరత్నాన్ని తాళ్ళ మీదికి తోసింది. మూడోసారి ఆమె మీదికి వస్తూ ఉంటే, నూకరత్నం దిమ్మ ఎత్తేటప్పుడు వంగినట్టు వంగి, నడుం కింద చెయ్యి వేసి, ఎత్తి, చాప మీద వేసింది. రెండు భుజాలూ నేలకి అదిమి పట్టింది.

లెక్క చెప్పే అసిరినాయుడు పక్కన బోర్లా పడుకుని చాప మీద చేత్తో కొట్టాడు. ఒకటి అన్నాడు. రెండు అన్నాడు. చెయ్యి మూడోసారి ఎత్తి గాల్లోనే ఆపేశాడు.

జేబులోంచి కాగితం తీసి చూసుకున్నాడు. అతనిది పద్ధతి గల ఉద్యోగం. ఒకటి, రెండు అనడానికి అతనికి అధికారం ఉంది. మూడు అనేది ఫలితాన్ని నిర్ధారించే లెక్క కాబట్టి అది కాగితం ప్రకారమే అనాలి. కాగితంలో నూకరత్నం ఓటమికి మంజూరు ఉంది. భైరవి ఓటమికి లేదు. అతను ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి కార్యదర్శి గారి వంక చూశాడు.

కమలనాభరావు గారు లేచి మైకు అందుకున్నారు. "ఎవరూ కదలవద్దు. ఈ విషయంలో తగు ఉత్తర్వులు వెలువడే వరకు సదరు ఇద్దరు మల్లయోధురాళ్ళూ ప్రస్తుత స్థితిని యథాతథంగా కొనసాగించవలసిందిగా ఆదేశించడమైనది."

ఫైలు తయారైంది. సంస్థ ఆఫీసు రోడ్డు అవతలే ఉంది గాని, ఫైలు నడిచి వెళ్ళకూడదు కనక కారు కోసం కబురు పంపారు. జనంలో ఒక్కరూ లేవలేదు. ఏమవుతుందో తెలియని కుస్తీ వాళ్ళు ఎన్నడూ చూసి ఉండలేదు.

"గుంటా, మోసెయ్యి కాస్త జరుపు," అంది పైడితల్లి కింద నుంచి. "పక్కటెముకలో దిగీసింది."

"జరిపితే నీ బుజం లేసిపోద్దేమో అప్పా."

"లెగనివ్వనే. పదకొండేళ్ళ తరవాత ఇప్పుడే ఇలా పడుకున్నాను. లెగుస్తానేటి?"

పన్నెండున్నరకి మొదటి ప్రశ్న వచ్చింది. నేలకి తగిలినవి రెండు భుజాలా, ఒకటా, తగిలిన భాగం విస్తీర్ణమెంత అని. సంస్థ డాక్టరు టేపు పట్టుకుని బరిలోకి దిగి కొలతలు తీసి, రెండు భుజాలూ ప్రస్తుతం భూమి మీదే ఉన్నాయని రాసి సంతకం చేశాడు. ఒంటిగంటకి అధికారులు భోజనాలకి వెళ్ళారు. సన్యాసమ్మ తాళ్ళ కింద నుంచి దూరి వచ్చి ఉప్మా పొట్లం విప్పి, పైనున్న దానికో ముద్ద, కిందున్నావిడకో ముద్ద పెట్టింది. కిందున్నావిడకి ముసుగు కోరలు అడ్డం వస్తుంటే పైకి జరిపి మరీ పెట్టింది. ఉప్పు తక్కువైందని పైడితల్లి అంది.

రెండుంబావుకి రెండో ప్రశ్న వచ్చింది. ఓటమికి సదరు విజేత సమ్మతి కలదా, లేక బలవంతంగా ఓడించబడుచున్నారా. సమ్మతి ఉందని పైడితల్లి అరిచి చెప్పింది. సంతకం కావాలన్నారు. చెయ్యి లేపితే భుజం లేస్తుంది, భుజం లేస్తే స్థితి మారుతుంది. చివరికి ఆమె చేతిని ఉన్నచోటే ఉంచి, దాని కింద కాగితం దూర్చి వేలిముద్ర వేయించుకున్నారు. దరఖాస్తులో ఆమెకి చదువు వచ్చని ఉండగా వేలిముద్ర ఎందుకు వేసిందో వివరిస్తూ ఇంకో కాగితం జతచేశారు.

మూడు దాటింది. ఎదుట గోడ మీద పెద్ద గడియారం ఉంది. నూకరత్నం అటు చూసినప్పుడల్లా మూడో వరుసలో సన్యాసమ్మ కూడా అటే చూస్తోంది. టైమెంతయిందని పైడితల్లి అడిగితే నూకరత్నం మళ్ళీ గడియారం వంకే చూసింది. పైడితల్లి భుజాలు ఇంకొంచెం కిందికి నొక్కుకుంది.

నాలుగుంబావుకి ఉత్తర్వు వచ్చింది. కమలనాభరావు గారు కళ్ళజోడు పెట్టుకుని గంభీరంగా చదివారు. "పై పరిస్థితులను సమగ్రంగా పరిశీలించిన మీదట, నేటి పోటీలో ప్రచండ భైరవి విజయం సాధించినట్లుగా నిర్ధారిస్తూ, మూడో లెక్కకు ఇందుమూలముగా మంజూరు ఇవ్వడమైనది."

అసిరినాయుడు చిన్న గొంతుతో, భైరవి అంటే కింద ఉన్నావిడండీ అన్నాడు.

ఆఫీసు గుమస్తాని పిలిపించారు. అతను తన తప్పేమీ లేదన్నాడు. పదకొండేళ్ళుగా మూడో లెక్క ఉత్తర్వు ఒకటే. ఒకసారి అచ్చు వేయించిన కాగితాలు కట్టలు కట్టలు ఉన్నాయి. తేదీ వేయడానికి తప్ప అందులో ఇంకెక్కడా ఖాళీ లేదు. పేరు రాయడానికి చోటు ఉంచాలని ఎవరికీ తోచలేదు. దాన్ని సవరించాలంటే సవరణల సంఘం కూర్చోవాలి. ఆ సంఘం మూడు నెలలకొకసారి కూర్చుంటుంది. కిందటి వారమే కూర్చుంది.

జారీ అయిన ఉత్తర్వు అమలు కావలసిందేననీ, అందుచేత కింద ఉన్నవారే గెలిచినట్టు లెక్క చెప్పమనీ కమలనాభరావు గారు అన్నారు. అసిరినాయుడు చెయ్యి ఎత్తాడు గాని, కిందికి దించలేకపోయాడు. కిందపడ్డవాళ్ళని గెలిపించడం అతనికి డేరాల్లో చీటీలు చూసి లెక్క చెప్పిన కాలం నుంచి కూడా అలవాటు లేదు.

అప్పుడు పైడితల్లి అడిగింది. "బాబుగారూ, భైరవంటే ఎవరండీ? నానా, ఈ ముసుగా?"

అది మంచి ప్రశ్న అని అందరి మొహాల్లోనూ కనబడింది. కమలనాభరావు గారు నియమావళి తెప్పించి చూశారు. ప్రచండ భైరవి సంస్థ యొక్క శాశ్వత వ్యవస్థ అనీ, ముసుగు ధరించినవారు తాత్కాలిక సిబ్బంది మాత్రమేననీ అందులో స్పష్టంగా ఉంది. చదివాక ఆయనకి ధైర్యం వచ్చింది. ముసుగే అని జవాబిచ్చారు.

"సన్యాసమ్మొదినా," అని కేక వేసింది పైడితల్లి, "నా సేతులు కాళీ లేవు. ఇది ఊడదీసి మీ గుంటకి తగిలించు."

సన్యాసమ్మ వచ్చి ముసుగు ఊడదీసింది. పదకొండేళ్ళుగా చూస్తున్న జనం అప్పుడే ఆవిడ మొహం చూశారు. నెరిసిన జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది. ముక్కు మీద కోరల పట్టీ గీసుకుపోయిన గీత ఉంది. మనిషి నవ్వుతోంది.

ముసుగు తన ముందుకి వచ్చేసరికి నూకరత్నం తల వెనక్కి తీసుకుంది. గెలిచింది తను. అలా గెలవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ గెలుపు మీద తన పేరు ఉండదు. ఆమె పైడితల్లి వైపు చూసింది.

"పేరు తరవాత సూసుకోవచ్చే," అంది పైడితల్లి. "ముందు నా మీంచి లెగు."

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. నూకరత్నం తల వంచింది. సన్యాసమ్మ ముసుగు తొడిగి వెనక తాడు ముడివేసింది. అసిరినాయుడు మూడు అన్నాడు.

రికార్డుల్లో అంతా సవ్యంగా నమోదైంది. ప్రచండ భైరవి గెలిచింది. నూకరత్నం మంజూరైన ప్రకారమే రెండువందల పన్నెండోసారి ఓడిపోయింది. ముసుగు లేని పైడితల్లి ఏ హోదాలోనూ లేదు కాబట్టి ఆమెను ఆపడానికి ఏ ఉత్తర్వూ వర్తించలేదు. ఆవిడ ముందు వరుసలో ఒక కుర్చీ లాక్కుని కాళ్ళు చాపి కూర్చుంది. ఎంతమంది చెప్పినా కుర్చీలన్నీ సర్దేసేదాకా లేవలేదు.

నూకరత్నం ముసుగు తల్లి దగ్గరున్న సంచిలో పడేసుకుని, ఆ సంచీ విజయ పత్రమూ పట్టుకుని పరుగెత్తింది. ఐదింటికి పది నిమిషాలుండగా నియామకాల ఆఫీసు కిటికీ దగ్గర నిలబడింది. లోపలి గుమస్తా కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాడు. పదో తరగతి పాసైంది నూకరత్నం, ఆమె ఎక్కడా గెలవలేదు. గెలిచింది ప్రచండ భైరవి, ఆమె ఎక్కడా చదవలేదు. ఇద్దరూ అర్హులు కారని అతను విచారంగా చెప్పాడు. ఇద్దరూ తనేనని ఆమె అంది. రుజువేమిటన్నాడు. ఆమె సంచిలోంచి ముసుగు తీసి తొడుక్కుంది.

గుమస్తా లేచి లోపలికి వెళ్ళి పై అధికారిని తీసుకొచ్చాడు. పై అధికారి ముసుగు తీయించి చూశాడు, తొడిగించి చూశాడు. చదువు మొహానికీ, గెలుపు ముసుగుకీ చెందుతాయి కనక రెండూ ఒకే చోట ఉన్నంతసేపు అర్హత ఉన్నట్టేనని తేల్చాడు. దరఖాస్తు తీసుకున్నారు. నాలుగు నెలలకి ఉద్యోగం వచ్చింది. నియామకపు ఉత్తర్వు ప్రచండ భైరవి పేరిట ఉంది. విధి నిర్వహణలో ముసుగు ధరించి తీరాలన్న షరతు కింద ఉంది. ముసుగు ఆస్తి కనక మల్ల వినోద సంస్థ దాన్ని పోలీసు శాఖకి డెప్యుటేషన్ మీద పంపింది. సంస్థలో కుస్తీలు మటుకు ఆగలేదు. కట్టల కొద్దీ కాగితాలు మిగిలి ఉన్నాయి. భైరవి ఇప్పటికీ ప్రతి వారం అక్కడ గెలుస్తూనే ఉంది, మనిషి అవసరం లేకుండా.

నూకరత్నాన్ని బస్టాండు దగ్గర డ్యూటీకి వేశారు. ఖాకీ బట్టలు, పైన ఇత్తడి కోరలు. మొదట్లో పిల్లలు ఏడ్చారు, తర్వాత సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. సన్యాసమ్మ మధ్యాహ్నం కేరేజీ తెచ్చి, కూతురు ముసుగు కిందనుంచి తినడం చూసి, ఖాళీ కేరేజీ తీసుకుని వెళ్ళిపోయేది.

మూడో నెలలో ఒక పొద్దున్న, పాలకొండ బస్సు దిగుతున్న ఒక ముసలమ్మ మెడలో పుస్తెలతాడు ఒకడు తెంపుకుని పరుగెత్తాడు. వాడు సరిగ్గా నూకరత్నం వైపే వచ్చాడు. ఆమె వంగి, నడుం కింద చెయ్యి వేసి, ఎత్తి, ప్లాట్‌ఫారం మీద వేసింది. భుజాలు అదిమి పట్టింది. వాడికి అరచేతులతో నేల కొట్టడం రాదు, దెబ్బ బాగానే తగిలింది.

చుట్టూ జనం మూగారు. నూకరత్నం ఒకటి అంది. రెండు అంది. అలవాటు కొద్దీ ఆగి, తల ఎత్తి ఇటూ అటూ చూసింది. ఎస్సై లేడు, కాగితం లేదు, అడగడానికి ఎవరూ లేరు. కండక్టర్లు, అరటిపళ్ళ వాళ్ళు, ముసలమ్మ, అందరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు.

మూడు, అంది నూకరత్నం.

తాడు చేతికి వచ్చాక ముసలమ్మ ఆ కోరల మొహం చూసి దండం పెట్టబోయి, భయపడి ఆగింది. ఎవరు తల్లీ నువ్వు అని అడిగింది. నూకరత్నం వెనక ముడి విప్పి ముసుగు తీసేసి, చేత్తో మొహం తుడుచుకుంది.

"నూకరత్నాన్నమ్మా. బెల్లం మార్కెట్టు సన్యాసమ్మ కూతుర్ని."

వారం తిరక్కుండా తాఖీదు వచ్చింది. విధి నిర్వహణలో ఉండగా బహిరంగ ప్రదేశంలో ముసుగు తొలగించి షరతును ఉల్లంఘించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. నూకరత్నం రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు తెల్ల కాగితం మీద ఒకే వాక్యం రాసింది. గెలిచినప్పుడు చెమట పట్టిందండి, తుడుచుకున్నాను. కింద తన పేరు రాసి సంతకం పెట్టింది.

ఆ కాగితం నాలుగు ఆఫీసులు తిరిగి నెల తర్వాత వెనక్కి వచ్చింది. నూకరత్నం అనే పేరు గల ఉద్యోగి ఈ శాఖలో ఎవరూ లేరనీ, లేనివారిపై చర్య తీసుకోవడం నిబంధనల ప్రకారం సాధ్యపడదనీ దాని మీద రాసి ఉంది. ఆమె ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ముసుగు చంకన పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.